పిల్లే కదా అన్నవాళ్లకు

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాము, కోపంతోనూ రాస్తున్నాము. ఓపికగా చదవండి.

నిరుడు ఆడికృత్తికకు ముందు వారం మా కుట్టి పోయింది. ఆరేళ్లు మా ఇంట్లో బతికిన పిల్లి. (ఇంట్లో మాట్లాడేది తెలుగే, పిల్లి పేరు మాత్రం అరవం. తిరుత్తణిలో ఎవరింట్లో చూసినా ఇంతే కదా.) గ్రూపులో ఆ సంగతి పెడితే ఒక పెద్దాయన మా తెలుగు దిద్దారు. మనుషులైతే పోయారు అనాలట, పిల్లిని చచ్చింది అనాలట. మిగతావాళ్లలో కొందరు "పిల్లే కదా" అన్నారు, కొందరు "ఇంకోటి తెచ్చుకుంటే సరి" అన్నారు. రెండూ ఒకే మాట అని మాకు తర్వాత అర్థమైంది. పగిలిన కుండకు బదులు కుండ తెచ్చుకున్నట్టు. మూడు నెలలకు మేము నిజంగానే ఇంకో కూనను తెచ్చుకుంటే, ఆ నోళ్లే "అప్పుడే మరిచిపోయారా, ఇంతేనా మీ ఏడుపు" అన్నాయి. ఏడిస్తే తప్పు, ఏడుపు ఆపితే తప్పు!

మా అవ్వ ఇప్పటికీ ఆదివారం చేపలు కడిగేటప్పుడు ఒక తల పక్కన పెడుతుంది. పెట్టి, గుర్తొచ్చి, గోడవతల కాకులకు వేస్తుంది. దీన్ని నవ్వులాట అనుకునేవాళ్లు ఒకసారి మా ఇంటికొచ్చి ఆమె ముందు నవ్వండి.

కుట్టి ఎలా పోయిందో ఇన్నాళ్లు చెప్పలేదు. కావళ్లు మోసుకొచ్చే భక్తుల అన్నదానానికని హాలు వెనక గదిలో బియ్యం మూటలు దించాము. ఎలుకలు చేరాయి. మందు బిళ్లలు పెడదామని తీర్మానం చేసినప్పుడు మేమూ చెయ్యెత్తాము, దాచుకునేది లేదు. ఆ మందు తిన్న ఎలుక అక్కడికక్కడే చావదు. కొన్ని రోజులు నీరసంగా, మెల్లగా తిరుగుతుంది. అలాంటిది పిల్లికి సులువుగా దొరుకుతుంది. ఎలుక తిన్న మందు పిల్లి ఒంట్లోకి చేరితే రక్తం గడ్డకట్టదు, లోపల్లోపలే కారిపోతుంది. కుట్టి రెండు రోజులు మూల పడుకుంటే ఎండకు అనుకున్నాము. మూడో రోజు నోరు తెరిచి చూస్తే చిగుళ్లు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. తిరువళ్లూరులో డాక్టరు దగ్గరికి చేరేసరికి ఆలస్యమైపోయింది. ఎలుకల మందే అయ్యుంటుందన్నారు. మొదట్లోనే తెచ్చుంటే విటమిన్ కె ఇచ్చి చూసేవాళ్లమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు ఒళ్లో తువ్వాలు మూటతో ఎవరమూ మాట్లాడుకోలేదు. కరివేపాకు చెట్టు కింద పూడ్చాము.

పిల్లి ఎదురొస్తేనే అపశకునం, పీడ పోయిందనుకోండి అన్నవాళ్లూ ఉన్నారు. కొండ మీద సుబ్రహ్మణ్యస్వామి పక్కనుండే దేవసేనమ్మకే షష్ఠీదేవి అని ఇంకో పేరు. పసిబిడ్డల్ని కాపాడే ఆ షష్ఠీదేవికి బెంగాలువాళ్లు కొలిచే రూపంలో వాహనం పిల్లి. తల్లిపిల్లి కూనను నోట కరుచుకుని మోసినట్టు దేవుడే భక్తుణ్ణి మోస్తాడని శ్రీవైష్ణవుల్లో తెన్‌కలైవారు మార్జాల కిశోర న్యాయం చెప్పారు. మనమే పిసినారిని తిట్టాలంటే పిల్లికి బిచ్చం పెట్టడు అంటాము. ఇవేవీ గుర్తులేక శకునం ఒక్కటే గుర్తుందా?

ఇక రెండో కూన సంగతి. మార్కెట్టు వెనక ఒక గోనెసంచి కదులుతుంటే మా పాప మూతి విప్పింది. లోపల మూడు కూనలు, రెండు అప్పటికే చచ్చి ఉన్నాయి. ఇంట్లో ఈనిన కూనల్ని సంచిలో కట్టి ఊరవతల వదిలి రావడం మనలో చాలామందికి అలవాటు, చెప్పుకోవడానికి సిగ్గు కూడా పడరు. మన తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన 1960లోనే జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం వచ్చింది. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం దాని ప్రకారం నేరం. మొదటిసారికి జరిమానా 10 నుంచి 50 రూపాయలని రాశారు. టీ ఖర్చు!

అవ్వ వారం రోజులు ఆ కూన మొహం చూడలేదు. కుట్టి గిన్నెలో దానికి పెట్టొద్దంది. కొబ్బరి చిప్పలో పెట్టాము. ఇది కుట్టి కాదు, కావాలని మేమూ అనుకోలేదు. కుట్టి గ్రైండరు మీదే నిద్రపోయేది, ఇది గ్రైండరు చప్పుడు వింటే అటక ఎక్కుతుంది. చేప తల ముట్టదు. ఒక తెల్లవారుజామున చూస్తే అవ్వ ఒళ్లో ఉంది. మేము చూశామని తెలిసి, "వానకు వచ్చింది, నేనేం పిలవలేదు" అంది. టీకాలు వేయించాము, ఆరో నెలలో ఆపరేషనూ చేయించాము. మరిచిపోయారా అని అడిగినవాళ్లకు మా జవాబు ఒకటే. కుట్టి కోసం ఏడ్చిన బిడ్డ కాబట్టే ఆ సంచి మూతి విప్పింది. మీరందరూ ఆ సంచి పక్కనుంచే కూరగాయలు కొనుక్కుని వెళ్లారు.

ఈ ఏడు ఆడికృత్తిక దగ్గరికొచ్చింది. మళ్లీ మూటలు దిగుతాయి. కొనాల్సిన సరుకుల లిస్టులో ఎలుకల మందు మళ్లీ రాసి ఉంది, చూశాము. ఆదివారం మీటింగులో దాన్ని కొట్టేయమని అడుగుతాము. బియ్యం మూతలున్న రేకు డ్రమ్ముల్లో పోద్దాము, తలుపు కింద సందు మూద్దాము, బోన్లు పెడదాము. డబ్బు లేదంటారేమో. మొదటి రెండు డ్రమ్ములు మా ఇంటి నుంచి శనివారం సాయంత్రమే హాలుకు తెస్తున్నాము. గది తాళం ఎవరి దగ్గరుందో చెప్పండి.