కన్నీళ్లొస్తే చరిత్ర అయిపోతుందా?

"ఈ పుస్తకం చదివి ఏడవనివాడు మనిషే కాదు" అంటూ ఓ మిత్రుడు 'ది బాయ్ ఇన్ ద స్ట్రైప్డ్ పైజామాస్' నా చేతిలో పెట్టాడు. ఐర్లండ్ రచయిత జాన్ బోయిన్ రాసిన నవల. 2006లో వచ్చింది, 2008లో సినిమా తీశారు. చివరి పేజీల్లో నాకూ గొంతు పట్టేసింది, ఒప్పుకుంటాను. కానీ పుస్తకం మూశాక మనకు అలవాటైన ప్రశ్న ఒకటుంది కదా: ఇది జరగడానికి వీలుందా?

ఔష్విట్జ్ మరణశిబిరం కమాండెంట్ కొడుకు బ్రూనోకి తొమ్మిదేళ్లు. కంచెకు అవతల కూర్చునే యూదు కుర్రాడు ష్ముయెల్‌తో నెలల తరబడి స్నేహం చేస్తాడు. చివరికి కంచె కింద దూరి లోపలికెళ్లి, అతనితో పాటే గ్యాస్ చాంబర్‌లో చనిపోతాడు.

ఇక వాస్తవం. ఔష్విట్జ్‌కు తరలించిన పిల్లలూ, కౌమారంలో ఉన్నవాళ్లూ కలిపి సుమారు 2,32,000 మంది. అందులో 2,16,000 మంది యూదులు. ష్ముయెల్ వయసు యూదు పిల్లల్లో అత్యధికుల్ని రైలు దిగగానే చంపేశారు. 1945 జనవరి 27న సోవియట్ సైన్యం వచ్చేసరికి అక్కడ మిగిలినవాళ్లు సుమారు 7,000 మంది. కంచెలో కరెంటు, పైన కాపలా. బ్రూనోకేమో యూదులంటే ఎవరో తెలియదట! నాజీ అధికారి ఇంట్లో పెరిగినవాడికి! 'ఫ్యూరర్' అంటే 'ఫ్యూరీ' అని వినిపిస్తుందట. బెర్లిన్ పిల్లవాడి చెవులు ఇంగ్లీషులో పొరబడ్డాయన్నమాట.

రచయిత దీన్ని నీతికథ అన్నారు. నీతికథలో నక్క మాట్లాడినా నాకు పేచీ లేదు. కానీ నక్క చేత చరిత్ర పాఠం ఎవరూ చెప్పించరు. ఈ నవలను బళ్లలో ఆ పనికే వాడారు. అందుకే 2020 జనవరిలో ఔష్విట్జ్ మ్యూజియమే, ఆ చరిత్ర చదివేవాళ్లూ బోధించేవాళ్లూ దీనికి దూరంగా ఉండాలని బహిరంగంగా చెప్పింది. మారణహోమమే జరగలేదని వాదించేవాళ్లు తిరుగుతున్న లోకంలో ఇది చిన్న విషయం కాదు.

నా అసలు అభ్యంతరం వేరు. చివర్లో మనం ఏడ్చేది ఎవరికోసం? "అయ్యో, వీడు అక్కడ ఉండాల్సినవాడు కాదే" అని కమాండెంట్ కొడుకు కోసం. మరి ష్ముయెల్ ఉండాల్సినవాడా?

శిబిరంలో స్నేహం ఎలా ఉండేదో తెలియాలంటే ప్రీమో లేవీని చదవండి. ఇటలీ రసాయన శాస్త్రవేత్త, ఔష్విట్జ్‌లో ఖైదీ. లొరెంజో అనే తాపీమేస్త్రీ ఆరు నెలల పాటు రోజూ ఆయనకు తిండి తెచ్చిపెట్టాడు, ఏమీ ఆశించకుండా. తోటి ఖైదీ ఆల్బెర్టో ప్రాణమిత్రుడు. 1945 జనవరిలో నాజీలు నడవగలిగినవాళ్లందర్నీ మంచులో తరిమారు. స్కార్లెట్ ఫీవర్‌తో మంచాన పడ్డ లేవీ బతికాడు. ఆరోగ్యంగా ఉన్న ఆల్బెర్టో ఆ నడకలో పోయాడు. లేవీని దైవమే కాపాడిందని తర్వాత ఒకరంటే, ఆయనకది ఘోరమైన మాటగా తోచింది. మరి ఆల్బెర్టోని?

యుద్ధం అయ్యాక లేవీ ఆల్బెర్టో ఇంటికెళ్లాడు. జరిగింది చెప్పబోతే తల్లి ఆపేసింది. కొడుకు తప్పించుకుని అడవిలో దాక్కున్నాడని, రష్యన్ల దగ్గర క్షేమంగా ఉన్నాడని ఆమే చెప్పింది. ఏడాది తర్వాత వెళ్తే కథ కొంచెం మారింది: సోవియట్ ఆస్పత్రిలో ఉన్నాడు, జ్ఞాపకశక్తి పోయిందంతే. లేవీ 1986 నాటి తన పుస్తకంలో ఇదంతా రాసుకున్నాడు. మళ్లీ ఆ గుమ్మం తొక్కడానికి మాత్రం ఆయనకు ధైర్యం చాల్లేదు.