నరాల బలహీనత కాదు, ముందు షుగరు చూపించుకోండి

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. గుడి దగ్గర కొబ్బరికాయలు, పూజసామాన్ల కొట్టు నడుపుతున్నాను. పెళ్ళయి 20 ఏళ్ళయింది. ఇద్దరు పిల్లలు. ఏడాదిన్నరగా అంగం సరిగా గట్టిపడడం లేదు. మొదట్లో ఎప్పుడో ఒకసారి అలా అయ్యేది. ఇప్పుడు దాదాపు ప్రతిసారీ అంతే. తెల్లవారుజామున కూడా మునుపటిలా స్తంభించడం లేదు. కోరిక మాత్రం ఉంది. రోజుకు పది పన్నెండు సిగరెట్లు కాలుస్తాను. శనివారం రద్దీ తగ్గాక రాత్రి స్నేహితులతో మందు పుచ్చుకుంటాను. రెండేళ్ళుగా బి.పి. మాత్ర వాడుతున్నాను. దానివల్లే ఇలా అయిందని ఒకాయన చెబితే నెలరోజుల క్రితం మానేశాను. అయినా గుణం లేదు. ఈమధ్య రాత్రిపూట మూడు నాలుగుసార్లు మూత్రానికి లేస్తున్నాను. అరికాళ్ళు మంటలు. రాజమండ్రిలో లాడ్జికి వచ్చే ఒక వైద్యుడు నాడి చూసి, చిన్నతనంలో చేసిన హస్తప్రయోగం వల్ల నరాలు చచ్చిపోయాయన్నాడు. నలభై రోజుల భస్మం కోర్సుకు అరవై వేలు అడిగాడు. నా వాటా కొబ్బరితోట తాకట్టు పెడదామనుకుంటున్నాను. నాకు వేరే ఎవరితోనో సంబంధం ఉందని నా భార్య అనుమానిస్తోంది. పుట్టింటికి పోతానంటోంది. నేను ఏం చేయాలి?
– పేరు రాయవద్దు, వాడపల్లి (కోనసీమ)

జవాబు: తోట తాకట్టు పెట్టకండి. ఇది మొదటి మాట. రేపే వెళ్ళి బి.పి. చూపించుకుని, డాక్టరు చెప్పిన మాత్ర మళ్ళీ మొదలుపెట్టండి. ఇది రెండో మాట. మీకు వచ్చినది ‘నరాలు చచ్చిపోవడం’ కాదు. మీ ఉత్తరం చదివితే షుగరు వ్యాధి ఉందేమోనన్న అనుమానం బలంగా కలుగుతోంది.

అంగంలో ఎముక లేదు, కండా లేదు. స్పంజిలాంటి రెండు గొట్టాలు ఉంటాయి. కోరిక కలగగానే మెదడు నుంచి నరాల ద్వారా కబురు అందుతుంది. నరాల చివర నైట్రిక్ ఆక్సైడ్ అనే పదార్థం విడుదలై రక్తనాళాలు వదులవుతాయి. రక్తం ఉరికి వచ్చి స్పంజిని నింపుతుంది. వెనక్కి పోయే సిరలు నొక్కుకుపోయి ఆ రక్తం అక్కడే నిలుస్తుంది. కాలవకు లాకులు ఎత్తి చేను నింపి, నీరు పోకుండా గండి కట్టినట్టన్న మాట. మనసు, నరాలు, రక్తనాళాలు, హార్మోన్లు ఈ నాలుగూ సరిగా ఉంటేనే పని జరుగుతుంది. ఏ ఒక్కటి దెబ్బతిన్నా అంగస్తంభన లోపిస్తుంది.

లోపం మనసుదా, శరీరానిదా అన్నది కొంతవరకు ఇంట్లోనే తెలుసుకోవచ్చు. హఠాత్తుగా వచ్చి, ఒకప్పుడు ఉండి ఒకప్పుడు లేకుండా, తెల్లవారుజామున మామూలుగా స్తంభిస్తూ ఉంటే అది చాలావరకు భయం, ఆందోళన, దిగులు, భార్యాభర్తల మధ్య తగాదా వంటి వాటివల్ల వచ్చినది. మెల్లమెల్లగా పెరిగి, తెల్లవారుజామున కూడా తగ్గిపోతే శరీరంలో కారణం వెతకాలి. మీది ఈ రెండో రకం.

రాత్రిపూట పదేపదే మూత్రం, అరికాళ్ళ మంటలు షుగరు వ్యాధికి గుర్తులు. షుగరు నరాలనూ, రక్తనాళాలనూ రెండింటినీ దెబ్బతీస్తుంది. అందుకే షుగరు ఉన్న మగవారిలో సుమారు సగంమందికి ఏదో ఒక స్థాయిలో ఈ బాధ ఉంటుంది. పరగడుపున రక్తంలో షుగరు 126 లేదా అంతకు మించినా, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బి ఏ1సి పరీక్షలో 6.5 లేదా అంతకు మించినా షుగరు వ్యాధి కిందే లెక్క. రెండోసారి చూసి నిర్ధారిస్తారు. ఈ రక్తపరీక్షకు కొత్తపేటకో అమలాపురానికో వెళ్ళి వస్తే చాలు, అరవై వేలు అక్కర్లేదు. పరీక్ష అయ్యేదాకా మీ పక్క ఆత్రేయపురం పూతరేకులకు కాస్త దూరంగా ఉండండి.

సిగరెట్టు రక్తనాళాలను ఇరుకు చేస్తుంది. చుట్టా, బీడీ కూడా అంతే. మందు కోరికను రేపినట్టు అనిపిస్తుంది గాని స్తంభనను తగ్గిస్తుంది. ఏళ్ళ తరబడి తాగితే నరాలూ, లివరూ, హార్మోన్లూ పాడవుతాయి. పొట్ట పెరగడం, కొలెస్టరాల్, వ్యాయామం లేకపోవడం కూడా కారణాలే. కొందరిలో మగ హార్మోను టెస్టోస్టిరాన్ తగ్గవచ్చు. అలాంటివారికి కోరికే తగ్గిపోతుంది. మీకు కోరిక ఉంది. అయినా డాక్టరు అవసరమనుకుంటే ఆ పరీక్ష ఉదయంపూట చేయిస్తారు.

బి.పి. మాత్రల విషయం: కొన్ని మాత్రలు, ముఖ్యంగా అటెనొలాల్ వంటివి, మూత్రం ఎక్కువగా పోయించేవి, కొందరిలో స్తంభన తగ్గిస్తాయి. దిగులుకు, మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులూ అంతే. కాని మాత్ర మానేయడం దానికి పరిష్కారం కాదు. అదుపు లేని రక్తపుపోటు కూడా అంగస్తంభనను పాడుచేస్తుంది, పైగా పక్షవాతం తెస్తుంది. మాత్ర మార్చమని డాక్టరును అడగండి. ఈ బాధ కలిగించని బి.పి. మందులు చాలా ఉన్నాయి.

ఇంకొక ముఖ్య విషయం. అంగంలోని ధమనులు 1 నుంచి 2 మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే ఉంటాయి. గుండె ధమనులు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. కొవ్వు పేరుకుంటే సన్ననివి ముందు మూసుకుపోతాయి. అందుకే చాలామందిలో అంగస్తంభన లోపం గుండెజబ్బు కంటే రెండు నుంచి అయిదేళ్ళు ముందుగా కనిపిస్తుంది. ఒకవిధంగా మీ శరీరం ముందే హెచ్చరిక పంపింది. బి.పి., కొలెస్టరాల్, ఇ.సి.జి. అన్నీ చూపించుకోండి.

ఇక హస్తప్రయోగం. దానివల్ల నరాలు చావవు, అంగం చిన్నదవదు, వీర్యం ఇంకిపోదు. అది నిజమైతే లోకంలో మగవారిలో చాలామందికి ఈ జబ్బు రావాలి. సెక్స్ శక్తిని పెంచుతామని మందులకు ప్రకటనలివ్వడాన్ని మన దేశంలో 1954లోనే చట్టం నిషేధించింది. అయినా గోడల మీద రాతలు ఆగలేదు. ఆ భస్మాలలో కొన్నింటిలో సీసం, పాదరసం ఉంటాయి. అవి కిడ్నీలను పాడుచేస్తాయి. కొన్ని పొడులలో ఇంగ్లీషు మాత్రలనే రహస్యంగా నూరి కలుపుతారు. గుణం కనిపించినా అది ఆ మాత్రదే, ప్రమాదమూ ఆ మాత్రదే.

ఆ మాత్ర పేరు సిల్డెనాఫిల్. గుండెనొప్పికి మందుగా పరీక్షిస్తుంటే దాని ఈ గుణం బయటపడింది. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. నైట్రిక్ ఆక్సైడ్ పనిని అది నిలబెడుతుంది. కలయికకు గంట ముందు వేసుకుంటారు. కోరిక లేకుండా మాత్ర ఒక్కటే పనిచేయదు. టడలాఫిల్ అనే మరో మాత్ర ప్రభావం ఒకటిన్నర రోజు ఉంటుంది. షుగరు ఉన్నవారిలోనూ చాలామందికి ఇవి పనిచేస్తాయి. కాని గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ వంటి నైట్రేట్ మందులు వాడేవారు వీటిని ముట్టకూడదు. పోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. అందుకే మందుల షాపులో అడిగి కొనుక్కోకండి, డాక్టరు చీటీ మీదే వాడండి. స్తంభన నాలుగు గంటలకు మించి నిలిస్తే వెంటనే ఆసుపత్రికి పోవాలి. మాత్రలు పనిచేయనివారికి ఇంజెక్షన్లు, గాలి పీల్చే పంపు, చివరికి ఆపరేషన్ కూడా ఉన్నాయి. మీకు అంతదాకా రాదు.

మీ భార్యతో ఈ రాత్రే మాట్లాడండి. మీరు చెప్పకపోతే ఆమె తనకు తోచింది అనుకోక ఏం చేస్తుంది? ‘నాకు ఒంట్లో జబ్బు ఉంది, ఎవరూ లేరు, పరీక్షకు నువ్వూ రా’ అనండి. డాక్టరు దగ్గరకు ఇద్దరూ వెళ్ళండి. షుగరు బయటపడితే వంట మార్చాల్సింది కూడా ఇద్దరూ కలిసే కదా. సిగరెట్లు పూర్తిగా మానండి. శనివారం మందు మానండి. రోజూ అరగంట గోదావరి గట్టు మీద చురుగ్గా నడవండి. స్వామికి ఏడు శనివారాల మొక్కు ఉంటే తీర్చుకోండి, పరీక్ష మాత్రం ఏడు వారాలు వాయిదా వేయకండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు. కువైట్‌లో పని. రెండు నెలల సెలవు మీద వచ్చి పెళ్ళి చేసుకున్నాను. మొదటి రాత్రి విఫలమయ్యాను. అప్పటినుంచి అంతే. తెల్లవారుజామున మామూలుగానే ఉంటుంది. నేను పెళ్ళికి పనికిరానా?
– పేరు రాయవద్దు, రావులపాలెం

జవాబు: మీరు నిక్షేపంలా పనికివస్తారు. తెల్లవారుజామున స్తంభిస్తోందంటే నరాలు, రక్తనాళాలు బాగున్నాయని అర్థం. కొత్త మనిషి, ఇంటినిండా చుట్టాలు, తిరిగి పోయే తేదీ దగ్గరపడుతోందన్న తొందర, ఇవే మీ శత్రువులు. ఒకసారి విఫలమైతే రెండోసారి ‘అవుతుందా, అవదా’ అని మనల్ని మనమే కనిపెడుతూ కూర్చుంటాం. ఆ భయమే కోరికను చంపుతుంది. అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు 1970లో చెప్పిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. రెండు వారాలు కలయిక పెట్టుకోవద్దని ఇద్దరూ ఒప్పందం చేసుకోండి. కబుర్లు, స్పర్శ, లాలన వరకే. ‘చేయాలి’ అన్న బరువు దిగితే శరీరం తన పని తాను చేస్తుంది. అప్పటికీ కాకపోతే సెలవు అయిపోయేలోగా డాక్టరును కలవండి. ఈ సంగతి మీ భార్యకూ చెప్పండి. తప్పు తనదేమోనని ఆ అమ్మాయి కూడా లోలోపల కుమిలిపోతూ ఉండవచ్చు.