మోత పెరిగినంత మాత్రాన జోరు పెరగదు

పట్టణాలకే పరిమితమనుకున్న మోత సైలెన్సర్ల సరదా పల్లెలకూ పాకింది. కంపెనీ బిగించి ఇచ్చిన పొగగొట్టాన్ని ఊడదీసి పొట్టి గొట్టం పెట్టించుకోవడం, లేదా ఉన్నదాన్నే కోసి లోపలి రేకులు లాగేసి మళ్లీ వెల్డింగు చేయించుకోవడం యువకుల్లో పరిపాటి అయింది. విశాఖపట్నంలో 2024లో పోలీసులు ఇటువంటి సైలెన్సర్లను తీయించి రోడ్డు రోలరుతో తొక్కించారు. నగరాల్లో ఆ మాత్రం భయమైనా ఉంది. ఊరి రోడ్ల మీద అడిగే నాథుడు లేడు.

ఈ మార్పును సమర్థించేవారు చెప్పే మాట ఒక్కటే. పొగకు అడ్డు తొలగితే ఇంజనుకు ఊపిరి సలుపుతుందని, దానితో పికప్ పెరుగుతుందని వారి వాదన. ఇందులో కొంత నిజం లేకపోలేదు. ఆ కొంత నిజమే చాలామందిని తప్పుదారి పట్టిస్తోంది.

పొగగొట్టం కేవలం పొగను బయటకు పంపే గొట్టం కాదు. ఇంజనులో పెట్రోలు మండిన తరువాత వాల్వు తెరుచుకోగానే వేడి వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి తోసుకొస్తుంది. దానితో ఒత్తిడి అల ఒకటి పుట్టి, గొట్టం వెంట సెకనుకు సుమారు 500 మీటర్ల వేగంతో పోతుంది. చెరువులో అల గట్టుకు తగిలి తిరిగి వచ్చినట్లే ఇదీ గొట్టం చివరి నుంచి వెనుదిరుగుతుంది. అయితే తెరిచి ఉన్న మూతి దగ్గర దాని గుణం మారిపోతుంది. పోయేటప్పుడు నెట్టుకుంటూ పోయిన అల వచ్చేటప్పుడు లాగుతూ వస్తుంది. అది వాల్వు మూసుకునే ముందు సరిగ్గా ఇంజను దగ్గరకు చేరితే లోపల మిగిలిన పొగను లాగేస్తుంది, ఆ వెలితిలోకి కొత్త గాలి, పెట్రోలు ఎక్కువగా చేరతాయి. ఇంజనుకు బలం వచ్చేది అక్కడే. వేళ తప్పి వస్తే ఆ మేలు దక్కదు సరికదా, ఒక్కోసారి కీడు కూడా జరుగుతుంది.

చిక్కంతా ఈ వేళలోనే ఉంది. మీటరు పొడవు గొట్టంలో అల పోయి రావడానికి సెకనులో 250వ వంతు పడుతుంది. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతుంటే ఈ లోపల అయిదింట రెండు వంతుల చుట్టు పూర్తవుతుంది. 3,000 చుట్ల దగ్గర అయితే అయిదో వంతు మాత్రమే. ఇంజను జోరు మారినంతగా అల వేగం మారదు. అందువల్ల ఏ గొట్టమైనా ఒక జోరు దగ్గర మేలు చేస్తే మరో జోరు దగ్గర చేయలేదు. పొడవు గొట్టం తక్కువ జోరులో పనికొస్తుంది, పొట్టి గొట్టం ఎక్కువ జోరులో పనికొస్తుంది. లావు సంగతీ ఇంతే. పొలంలో నీటి పైపు మూతికి వేలు అడ్డుపెడితే నీరు దూరం చిమ్మినట్లు, సన్న గొట్టంలో పొగ వడిగా సాగుతుంది. మరీ లావైతే నెమ్మదిగా కదిలే ఇంజను దగ్గర ఆ వడి పోతుంది.

ఊళ్లో బండి పని ఏమిటి? పాలక్యాన్లు, యూరియా బస్తా, వెనుక ఇద్దరు మనుషులు. గతుకుల రోడ్డు మీద రెండో గేరులో, మూడో గేరులో లాగాలి. కంపెనీలు మామూలు బళ్లకు గొట్టం కొలతలు ఆ తక్కువ, మధ్య జోరుకే అమర్చుతాయి. పొట్టి గొట్టం పెట్టిస్తే మేలు ఎక్కడో పైజోరుకు పోతుంది, కావలసిన చోట లాగుడు తగ్గుతుంది. తగ్గినకొద్దీ యాక్సిలరేటరు ఎక్కువ తిప్పాలి. పెట్రోలు ఖర్చు పెరిగేది ఇందువల్లనే. మోత పెరగడంతో బండి దూసుకుపోతున్నట్లు చెవికి అనిపిస్తుంది. చెవిని నమ్మే బదులు, ఒకే రోడ్డులో మార్పుకు ముందు, తరువాత లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో లెక్క చూసుకుంటే సరిపోతుంది. అలా చూసేవారే కరువయ్యారు.

గొట్టం మహిమ బాగా తెలిసినది రెండు స్ట్రోకుల ఇంజన్ల విషయంలో. తూర్పు జర్మనీలోని ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో గొట్టాన్ని మొదట విచ్చుకుంటూ, తరువాత ముడుచుకుంటూ పోయే పొట్టలాగా మలిచారు. విచ్చుకునే భాగం పొగను లాగుతుంది. ముడుచుకునే భాగం, పొరపాటున గొట్టంలోకి జారిన కొత్త పెట్రోలును తిరిగి ఇంజనులోకి నెడుతుంది. ఈ పద్ధతితో 125 సీసీ పందెపు బండి 1961 నాటికి సుమారు 25 అశ్వశక్తి ఇచ్చింది. నేటి మామూలు 125 సీసీ బండి ఇచ్చేది 11 దరిదాపుల్లోనే. ఆ ఏడాదే ఎంజెడ్ రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం విడిచి జపాను సుజుకి కంపెనీలో చేరగా, మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ చాంపియన్‌షిప్ సుజుకికి దక్కింది. ఒక గొట్టం ఆకారం రహస్యానికి ఉన్న విలువ అది!

మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా రెండు స్ట్రోకుల బండే. ఇలాంటి బళ్ల సైలెన్సర్లలో మసి పేరుకుంటే మెకానిక్కులు కాల్చి శుభ్రం చేసేవారు. అది అవసరమైన పని. అదే ఊపులో లోపలి గొట్టాలను కూడా పీకేస్తే ఇంజను డీలా పడుతుంది.

ఇప్పటి నాలుగు స్ట్రోకుల బళ్లకు మరో ప్రమాదం ఉంది. కార్బురేటరు ఉన్న పాత బళ్లలో పొగదారి వదులైతే గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గవచ్చు. యాక్సిలరేటరు వదిలినప్పుడు టపటపమనే పేలుళ్లు చాలా సందర్భాల్లో దాని గుర్తే. యువకులు దాన్ని దర్జా అనుకుంటున్నారు. అలాగే తిప్పితే ఇంజను వేడెక్కి వాల్వులు కాలిపోయే అవకాశం ఉంది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 నిబంధనల ప్రకారం తయారైన బళ్లలో ఆక్సిజన్ సెన్సరు, విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టరు పొగదారిలోనే ఉంటాయి. తెలియక వాటిని తీసేస్తే మీటరులో హెచ్చరిక దీపం వెలుగుతుంది, కార్బన్ మోనాక్సైడ్ నేరుగా వీధిలోకి వస్తుంది.

చట్టం సంగతి. కొత్త బండి పరీక్షలో 80 సీసీ నుంచి 175 సీసీ వరకు శబ్దం 77 డెసిబెల్స్ మించరాదు. నివాస ప్రాంతంలో రాత్రివేళ పరిమితి 45 డెసిబెల్స్. ప్రతి 10 డెసిబెల్స్‌కు చెవికి మోత ఇంచుమించు రెట్టింపుగా తోస్తుంది. రాత్రి పదింటికి వీధిలో ఒక్క బండి పోతే నిద్రలేచే పసిపిల్లలు, ముసలివారు ఎందరో వేరే చెప్పనక్కరలేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్ద, వాయు కాలుష్య పరిమితులు మీరితే మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా పదివేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మూడు నెలలు లైసెన్సుకు అనర్హులవుతారు. అయితే పట్టుబడేది బండి నడిపేవాడే. గొట్టం అమ్మిన కొట్టు, బిగించిన చేయి వెలుగులోకి రావడం అరుదు.

సరదా కోసం కాక, తుప్పు వల్ల సైలెన్సరు మార్చేవారూ ఉన్నారు. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరు ఆవిరిగా తయారవుతుంది. పొలానికి, పాల కేంద్రానికి చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో గొట్టం పూర్తిగా వేడెక్కదు, ఆ నీరు లోపలే నిలుస్తుంది. అడుగున ఉండే సన్న రంధ్రం నీరు కారడానికే. చిల్లు పడిందనుకుని దాన్ని పూడ్చేవారున్నారు, అది తుప్పును పిలవడమే.

ఇక మోత గొట్టం పెట్టించినవారు తీసిన పాతదాన్ని చాలాచోట్ల ఇనుప సామాన్లవాడికి అమ్మేస్తున్నారు. కన్వర్టరులో ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి విలువైన లోహాలు ఉంటాయని అమ్మేవారికి తెలియదు. కొనేవారిలో కొందరికి తెలుసు. రేపు జరిమానా కట్టి, పాత గొట్టమే బిగించుకు రమ్మన్నప్పుడు కంపెనీ ధరకు కొత్తది కొనడం తప్ప దారి ఉండదు.