పుస్తకాల పెట్టె గేటు లోపలా.. బయటా? ఐటీ కారిడార్‌లో అసలు ప్రశ్న ఇదే!

హైదరాబాద్: ఇల్లు ఖాళీ చేసేటప్పుడు చాలామంది ముందు వదిలించుకునేది పుస్తకాలనే. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ లాంటి ఏరియాల్లో ఇది మరీ ఎక్కువ. కంపెనీ మారితే మకాం కూడా మారుతుంది. పిల్లల కథల పుస్తకాలు, పోటీ పరీక్షల గైడ్లు, ఒక్కసారి చదివి పక్కన పెట్టిన నవలలు.. అన్నీ కిలోల లెక్కన పాత పేపర్ల షాపుకు వెళ్లిపోతాయి. అదే వీధిలో, స్కూల్ పుస్తకం తప్ప ఇంకో పుస్తకం ఇంట్లో లేని పిల్లలూ ఉంటారు.

ఈ రెండు ఇళ్లనూ కలిపేదే బుక్ షేరింగ్ బాక్స్. రోడ్డు పక్కన ఓ చిన్న పెట్టె. నచ్చిన పుస్తకం తీసుకెళ్లొచ్చు.. చదివేసింది తెచ్చి పెట్టొచ్చు. మెంబర్‌షిప్ లేదు, ఫైన్ లేదు. వినడానికి సింపుల్‌గానే ఉంది. మరి ఇది నిజంగా అవసరమైన వాళ్లకు చేరుతుందా?

ఐడియా ఎక్కడిది?

2009లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, హడ్సన్ పట్టణంలో టాడ్ బోల్ అనే వ్యక్తి తన తల్లి జ్ఞాపకార్థం ఇంటి ముందు ఇలాంటి పెట్టె పెట్టారు. ఆమె టీచర్. అందుకే పెట్టెను చిన్న బడి ఆకారంలో తయారు చేశారు. అదే 'లిటిల్ ఫ్రీ లైబ్రరీ'గా మారింది. 2020 నాటికి ప్రపంచవ్యాప్తంగా ఇలాంటి పెట్టెలు లక్ష దాటాయి.

పదిమంది కలిసి పుస్తకాలు పంచుకోవడం తెలుగువాళ్లకు కొత్తేం కాదు. నిజాం రాజ్యంలో తెలుగు చదువులే కరువైన రోజుల్లో, 1901 సెప్టెంబర్ 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పుట్టింది. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు లాంటి వాళ్లు దీనికి నడుం కట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం కాలువల మీద పడవ గ్రంథాలయమే నడిపారు. చదివేవాళ్లు రావాలని కూర్చోలేదు, పుస్తకమే వాళ్ల దగ్గరకు వెళ్లింది.

గేటు దగ్గరే చిక్కు

కెనడాలోని టొరంటో, కాల్గరీ నగరాల్లో ఈ పెట్టెలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2017లో ఓ అధ్యయనం ప్రచురించారు. ఎక్కువ శాతం బాగా చదువుకున్న, డబ్బున్న వాళ్లుండే ఏరియాల్లోనే కనిపించాయి. అంటే పుస్తకాలు కొనుక్కోగలిగే వాళ్ల మధ్యే పుస్తకాలు చేతులు మారుతున్నాయన్నమాట.

సైబరాబాద్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. గేటెడ్ కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో పెట్టె పెడితే అది ఆ ఫ్లాట్ల వాళ్లకే పరిమితం. అక్కడ పనిచేసే వాచ్‌మన్ కూతురికో, హౌస్‌కీపింగ్ అమ్మ కొడుక్కో, పక్క సైట్‌లో ఉండే భవన నిర్మాణ కూలీల పిల్లలకో అందదు. అదే పెట్టెను కాంపౌండ్ గోడకు రోడ్డు వైపు బిగిస్తే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. మారాల్సింది అసోసియేషన్ నిర్ణయం ఒక్కటే.

భాష సంగతీ చూడాలి. పెట్టె నిండా ఇంగ్లిష్ నవలలే ఉంటే సర్కారు బడి పిల్లలు దాని వైపు చూడరు. తెలుగు బాలల కథలు, ఉర్దూ, హిందీ పుస్తకాలకూ చోటుండాలి.

పెట్టడం తేలికే.. నిలబెట్టడమే కష్టం

మొదటి పని పర్మిషన్. 2014లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లీవుడ్‌లో తొమ్మిదేళ్ల బాలుడు ఇంటి ముందు పెట్టిన పెట్టెను రూల్స్ పేరుతో అధికారులు తీయించారు. విమర్శలు రావడంతో సిటీ కౌన్సిల్ తాత్కాలిక మినహాయింపు ఇచ్చింది. ఇక్కడ కూడా గోడ ఎవరిది, ఫుట్‌పాత్ ఎవరిదో ముందే తేల్చుకుంటే గొడవ ఉండదు.

రెండోది వాన, చెదలు. పైకప్పు వాలుగా ఉండాలి, తలుపు గట్టిగా పడాలి, పెట్టె నేలకు తగలకూడదు. పై అర పిల్లల చేతికి అందేంత ఎత్తులోనే ఉండాలి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైంది.. చూసుకునే మనిషి. ఉత్సాహంగా మొదలుపెట్టిన వాళ్లు బెంగళూరుకో, అమెరికాకో వెళ్లిపోతే ఆర్నెల్లలో అది పాత గైడ్ల డంప్ అవుతుంది. అందుకే ఒక్కరి మీద వదలకుండా కనీసం ముగ్గురు వంతులు వేసుకోవాలి. వారానికోసారి చిరిగినవి తీసేయాలి. పక్కనే ఉన్న కిరాణా షాపు, స్కూలు కూడా ఓ కన్నేసి ఉంచితే మంచిది.

పుస్తకాలు తిరిగి రాకపోతే? అది దొంగతనం అనుకోనక్కర్లేదు. ఖాళీ అయిన అర చెప్పేది ఒక్కటే.. అలాంటి పుస్తకాలకు అక్కడ గిరాకీ ఉంది.

సెస్సు కడుతున్నాం కదా!

ఇంకో కోణమూ ఉంది. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున లైబ్రరీ సెస్సు వసూలవుతుంది. అంటే రూ.10 వేల పన్నుపై రూ.800. ఈ డబ్బు ప్రభుత్వ గ్రంథాలయాల కోసమే. కానీ నగరంలో పేరున్న పెద్ద లైబ్రరీలు అఫ్జల్‌గంజ్, చిక్కడపల్లిలో ఉన్నాయి. గచ్చిబౌలి పిల్లాడికి అవి చాలా దూరం.

గోడకు బిగించిన పెట్టెలో లైబ్రేరియన్ ఉండరు, కూర్చుని చదువుకునే బల్ల ఉండదు. పెట్టె ఉంది కాబట్టి లైబ్రరీ అక్కర్లేదనుకుంటే నష్టపోయేది ఆ గేటు బయటి పిల్లలే. ఏ భాష పుస్తకాలు ముందు ఖాళీ అయ్యాయి, నెలకు ఎన్ని బయటకు వెళ్లాయి.. ఇవన్నీ ఓ నోట్‌బుక్‌లో రాసి పెడితే, అదే లెక్క పట్టుకుని గ్రంథాలయ సంస్థను ఓ బ్రాంచ్ అడగొచ్చు. సెస్సు కట్టిన రసీదు ఎలాగూ చేతిలోనే ఉంటుంది.