పలకమీది వెలుగు

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1881లో, వెతోయి గ్రామమున తాను అద్దెకున్న యింటి తోటను చిత్రించెను. నేడు వాషింగ్టన్ జాతీయ చిత్రశాలలోనున్న ఆ పటమున బాటకిరువైపుల పొద్దుతిరుగుడు చెట్లు ఏపుగా పెరిగియున్నవి. బాటమీద ఒక పసివాడు ఆటబండితో నిలిచియున్నాడు. వెనుక మెట్లపై మరొక బాలుడు, ఒక స్త్రీ కనుపింతురు. పిల్లల కనుముక్కుతీరు స్పష్టముగా గీయబడలేదు. అయినను వారికి తొందర యేమియు లేదని చూచినంతనే తెలియును. నీడలు సైతము నల్లనివి కావు. వానియందు నీలి, ఊదా ఛాయలు కలవు. వస్తువుకంటె దానిపై బడిన వెలుగును ముఖ్యముగా నెంచుట ఇంప్రెషనిస్టు చిత్రకారుల పద్ధతి.

ఈ పటమును మార్కాపురములోనో గిద్దలూరులోనో ఒక తరగతిలో చూపినచో విద్యార్థులు మొదట ఆశ్చర్యపడుదురు. ఎండలో ఆడవద్దని పెద్దలు మందలించు సీమ యిది. నల్లమల తూర్పుదరిని వేపనీడయే భాగ్యము. ఎండ అరుదైన శీతలదేశమున ఎండయే పండుగయని ఉపాధ్యాయుడు వివరింపవచ్చును. కాని అసలు భేదము ఎండలో లేదు. ఎండ సూర్యుడిచ్చునది; పిల్లలు ఆడుకొనుటకు కావలసిన తీరిక సంఘమిచ్చునది.

ఫ్రాన్సులోనైనను ఆ తీరిక పిల్లలందరికి దానంతట రాలేదు. ఇంప్రెషనిస్టుల తొలి ప్రదర్శన పారిసులో 1874 ఏప్రిల్ 15న ప్రారంభమయ్యెను. ఆ మరుసటి నెల 19వ తేదీననే, పండ్రెండేండ్లు నిండని పిల్లలను కర్మాగారములలో సామాన్యముగా నియోగింపరాదని అచ్చట చట్టము వచ్చెను. అందును పదేండ్ల పిల్లలకు కొన్ని పనులలో మినహాయింపు లుండెను. మోనే ఈ తోటను చిత్రించిన 1881లోనే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో జీతము రద్దయ్యెను. మరుసటి యేట ఆరు మొదలు పదుమూడేండ్ల వరకు చదువు నిర్బంధమయ్యెను. చిత్రకారులు శాసనములు కోరలేదు. శాసనకర్తలు చిత్రములు చూచి చట్టములు చేయలేదు. అయినను బాల్యము పనికొరకు కాదను భావము ఆ కాలమున రెండు దారుల బలపడెను.

మార్కాపురమునకు ఈ కథ దూరమైనది కాదు. పొరలుపొరలుగా విడివడు ఇచ్చటి రాతితో చేసిన పలకలపై ఎన్నో తరముల పిల్లలు ఓనమాలు దిద్దిరి. అయితే 1987లో కేంద్రప్రభుత్వము బాలకార్మికులను గూర్చి జాతీయవిధానమును ప్రకటించి, వారిని పనినుండి తప్పించు పథకములకు ఎన్నుకొన్న పరిశ్రమలలో మార్కాపురపు పలకల పరిశ్రమ యొకటి. ఒక బాలుడు అక్షరము దిద్దుకొను పలకకు, అక్షరమెరుగని వేరొక బాలుని శ్రమ తోడయ్యెను. ఇంతకంటె బాధాకరమైన విషయ మేమున్నది?

కాలము మారినది. కాగితపు పుస్తకములు వచ్చి పలకల వాడుక తగ్గినది; ఆ రాయి నేడు ఇండ్ల నేలలకు, గోడలకు పోవుచున్నది. ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు ఉచిత నిర్బంధ విద్య హక్కని 2009లో చేసిన చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. కాని వానలు తప్పిన యేట తల్లిదండ్రులు వలసపోవగా, వారివెంట బడి విడుచు పిల్లల బాధ చట్టముతోనే తీరునది కాదు.

ఇచ్చట ఉపాధ్యాయుడు చేయదగిన పనులు రెండు కలవు. మొదటిది, చిత్రలేఖనపు గంటను లెక్కలకు ధారపోయకుండుట. ఉదయపుటెండలో పిల్లలను వేపచెట్టుకడకు గొనిపోయి నీడ ఏ రంగున నున్నదో చూచి చెప్పుమనవలెను. నల్లని పలకపై బలపముతో గీయునది నీడ కాదు, వెలుగే యని వారు తామే కనుగొందురు. రెండవది, ఆ దినపు హాజరుపట్టీని శ్రద్ధగా చూచుట. పట్టీలో పేరుండి నీడలో కనుపింపని బాలుడెవ్వడు? ఏ యూరికి పోయినాడు? ఆ యింటికి కబురంపి, ఆ బాలుని తిరిగి బడికి రప్పించిననాడే చిత్రలేఖనపు పాఠము పూర్తియగును.