చైట్రిడ్‌లను పోల్చుకునే కళ్లు మనకూ కావాలి

వాషింగ్టన్‌లోని జాతీయ జంతు ప్రదర్శనశాలలో 1990లలో విషకప్పలు చనిపోతుంటే, వాటి చర్మంలో కనిపించిన గుండ్రటి సంచులేమిటో పశువైద్య నిపుణులకు తొలుత అంతుపట్టలేదు. చైట్రిడ్‌లనే నీటి శిలీంధ్రాలను అధ్యయనం చేస్తున్న జాయిస్ లాంగ్‌కోర్, ఓ నీలి కప్ప నుంచి ఆ జీవిని వేరుచేసి మెయిన్ విశ్వవిద్యాలయంలో పెంచారు. 1999లో ఆమె, ఆ నిపుణులు కలిసి పెట్టిన పేరు బట్రాకోకైట్రియం డెండ్రోబాటిడిస్.

ఇది రొట్టె మీది బూజులా తంతువులు అల్లుకుంటూ పోదు. దీని గమన సిద్ధబీజం 3 నుంచి 5 మైక్రోమీటర్లు. కణకవచం ఉండదు, వెనక ఒకే కశాభం. నీటిలో కాస్త దూరం ఈది, కప్ప చర్మాన్ని చేరగానే కశాభాన్ని లోపలికి లాక్కుని గోడ కట్టుకుంటుంది. సన్నటి మూలతంతువులు వేస్తుంది. లోపల కేంద్రకాలు విభజన చెందుతూ, మొత్తం దేహమే సిద్ధబీజాశయంగా మారుతుంది. ఓ చిన్న గొట్టం చర్మం పైకి తెరుచుకుని కొత్త బీజాలను నీళ్లలోకి వదులుతుంది. 22 డిగ్రీల దగ్గర ఇదంతా నాలుగైదు రోజుల పని.

దీనికి కెరాటిన్ ఉన్న చర్మం కావాలి. తోకకప్పకు కెరాటిన్ నోటి దగ్గరే ఉంటుంది కాబట్టి సాధారణంగా చావదు, జబ్బును మోస్తుంది. పెద్ద కప్ప చర్మంతోనే నీటినీ లవణాలనూ పీల్చుకుంటుంది; ఆ చర్మం పాడైతే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి గుండె ఆగుతుందని 2009లో తేలింది. 501 ఉభయచర జాతులు ఈ జబ్బు వల్ల తగ్గిపోయాయని, వాటిలో 90 అంతరించి ఉంటాయని 2019 నాటి అంచనా.

పడమటి కనుమల కప్పల్లోనూ ఇది బయటపడింది. అక్కడ సామూహిక మరణాలు నమోదు కాకపోవడం ఊరటే గానీ, నిశ్చింతగా ఉండటానికి కారణం కాదు.

దీన్ని గుర్తించడానికి డీఎన్‌ఏ పరీక్ష ఉండగా సూక్ష్మదర్శిని ఎందుకని కొందరంటారు. ఫలానా జీవి కోసం రూపొందించిన పరీక్ష ఆ జీవినే పట్టిస్తుంది. ఎవరూ పేరు పెట్టని జీవి ఎదురైతే, దాని ఆకారాన్ని, పెరిగే తీరును చదవగలిగిన మనిషే దిక్కు. వాషింగ్టన్‌లో జరిగింది అదే.

అలాంటి మనుషులను తయారుచేయడానికి కోట్లు అక్కర్లేదు. చెరువు నీళ్లలో పుప్పొడి, పాము కుబుసం ముక్కలు వేసి కొద్దిరోజులు ఉంచితే చైట్రిడ్‌లు వాటిని పట్టుకుంటాయి. మన డిగ్రీ కళాశాలల వృక్షశాస్త్ర ప్రయోగశాలల్లో, ముఖ్యంగా పాడేరు, రంపచోడవరం లాంటి తూర్పు కనుమల ప్రాంతాల్లో, ఈ పనిని పాఠ్యప్రణాళికలో చేర్చాలి. ఇష్టపడి కొనసాగించే విద్యార్థులకు పరిశోధన వేతనం ఇచ్చే బాధ్యతను విశ్వవిద్యాలయాలు తీసుకోవాలి.