మిరకిల్ పండు: కుండీలో ముద్దు, ఎకరంలో వద్దు

ఒక చిన్న ఎర్రపండు. మన వాక్కాయంత ఉంటుంది. దాన్ని నోట్లో వేసుకుని, గుజ్జు నాలుకంతా తగిలేలా ఒక నిమిషం చప్పరించి గింజ ఊసేయండి. తరువాత నిమ్మకాయ బద్ద కొరకండి. పులుపు తెలియదు. బత్తాయి తిన్నట్టు తియ్యగా ఉంటుంది. అరగంట, గంట, కొందరికి ఇంకాస్త ఎక్కువసేపు ఏ పుల్లటి వస్తువు తిన్నా అదే తీరు. అందుకే దీనికి మిరకిల్ ఫ్రూట్ అని పేరు వచ్చింది.

ఈ మొక్క గురించి ఈమధ్య నన్ను అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఊళ్లోకి ఒకాయన మోటారు సైకిలు మీద వస్తాడు. నాలుగు పండ్లు ప్లాస్టిక్ డబ్బాలో ఐసు మీద పెట్టి తెస్తాడు. రచ్చబండ దగ్గర అందరికీ తలా ఒకటి ఇచ్చి నిమ్మకాయ తినిపిస్తాడు. జనం నోరు తెరుస్తారు. ఆ నోరు మూసేలోపు "ఎకరం వేయండి, మొక్క మేమే ఇస్తాం, పండు మేమే కొంటాం, విదేశాల్లో కిలో వేలల్లో పోతుంది" అని కాగితం తీస్తాడు. రైతు సోదరులారా, నిమ్మకాయ తియ్యగా ఉండటం నిజం. దాని తరువాత ఆయన చెప్పేదే మనం ఆగి చూసుకోవాలి.

ముందు మొక్క సంగతి. ఇది పశ్చిమ ఆఫ్రికా మొక్క. ఘనా, బెనిన్, నైజీరియా, కామెరూన్ దేశాల్లో వర్షాలు బాగా పడే అడవుల్లో పెద్ద చెట్ల నీడన పొదలా పెరుగుతుంది. మన సపోటా కుటుంబానికి చెందింది. ఏడాది పొడవునా ఆకు పచ్చగానే ఉంటుంది. నైజీరియాలో యొరుబా భాషవాళ్లు దీన్ని అగ్బాయున్ అంటారు. పులిసిన కల్లు తాగేముందు, పులిసిన మొక్కజొన్న రొట్టె తినేముందు అక్కడివాళ్లు ఈ పండు చప్పరించేవారు. 1725 ప్రాంతంలో ఒక ఫ్రెంచి యాత్రికుడు ఈ అలవాటు చూసి రాశాడు. 1852లో డేనియల్ అనే ఇంగ్లీషు వైద్యుడు శాస్త్రీయంగా వర్ణించాడు. పండులో ఉన్న మిరాక్యులిన్ అనే మాంసకృత్తు నాలుక మీద తీపి తెలిసే చోట అతుక్కుంటుంది. పులుపు తగిలినప్పుడు అది తీపిని మేల్కొలుపుతుంది. అంతే గానీ పండులో చక్కెర ఎక్కువేం లేదు, విడిగా తింటే రుచి చప్పగానే ఉంటుంది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. షుగరు జబ్బుకు ఇది మందు అని కొందరు అమ్ముతున్నారు. మందు కాదు. నాలుకను మోసం చేస్తుంది గానీ రక్తంలో చక్కెరను తగ్గించదు. ఇంకో చిక్కు కూడా ఉంది. తియ్యగా ఉంది కదా అని పది నిమ్మకాయలు తింటే, నాలుకకు తెలియకపోయినా కడుపుకు, పళ్లకు పులుపు పులుపే. కడుపులో పుండు ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

ఇప్పుడు పెంపకం. నేను నాలుగేళ్ల కింద ఒక నర్సరీలో 400 రూపాయలు పెట్టి జానెడు మొక్క కొన్నాను. "దీనికేం అక్కర్లేదండీ, మల్లెచెట్టు లాగా పెరుగుతుంది" అన్నాడు అమ్మినాయన. పెరట్లో నేలలోనే పెట్టి, బోరునీరు పోసి, ఇంటావిడ గులాబీకి వేసినట్టే పొయ్యి బూడిద, గుడ్డు పెంకులు కూడా వేసింది. రెండో నెలలో ఆకుల కొసలు మాడాయి. మూడో నెలలో లేత ఆకు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగిలాయి. ఎరువు చాలలేదనుకుని యూరియా వేశాను. ఆరో నెలకి పుల్ల మిగిలింది.

తప్పు ఎక్కడ జరిగిందో తరువాత తెలిసింది. ఈ మొక్కకు పుల్లనేల కావాలి. ఉదజని సూచిక నాలుగున్నరకూ ఆరుకూ మధ్య ఉండాలి. మన నల్లరేగడి నేలలు ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఉంటాయి. డెల్టా ఒండ్రు నేలల్లోనూ చాలాచోట్ల ఏడు దాటుతుంది. ఎర్రనేలలు కొంత నయం గానీ వాటికి పోసే బోరునీటిలో సున్నం, ఉప్పు ఉంటాయి. నేల సూచిక పెరిగితే అందులో ఇనుము ఉన్నా వేరు తీసుకోలేదు. వేరుశనగలో, చెరకులో ఆకు పాలిపోవడం మీరు చూసే ఉంటారు, ఇదీ అదే జబ్బు. పైగా బూడిద, గుడ్డు పెంకులు రెండూ పులుపును విరిచేవే. నేను విషాన్ని చేత్తో పోసినట్టయింది.

రెండో మొక్కను కుండీలో పెట్టాను. కింద నాలుగైదు చిల్లులున్న మట్టి కుండీ. అందులో సున్నపురాయి లేని ఎర్రమట్టి ఒక వంతు, బాగా కుళ్లిన ఆకు చివుకు ఒక వంతు, కొబ్బరిపీచు పొట్టు రెండు వంతులు. కొబ్బరి పొట్టులో ఉప్పు ఉంటుంది కాబట్టి మూడు నాలుగుసార్లు మంచినీటిలో నానబెట్టి పిండి వాడాలి. ఈ పని బద్ధకించి మానేస్తే మళ్లీ ఆకు కొస మాడుతుంది. అడుగున చారెడు పెంకుముక్కలు వేశాను. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది, ఆరిపోతే ఆకు రాలుతుంది, రెండూ దీనికి పడవు. పైమట్టి వేలుతో తాకి, కాస్త ఆరినట్టుంటేనే నీరు పోయాలి.

నీరు అన్నిటికంటే ముఖ్యం. వాననీటిని డ్రమ్ములో పట్టి మూత పెట్టి ఉంచుకోండి. ఒక మొక్కకు రెండు డ్రమ్ములుంటే వేసవి చాలావరకు గట్టెక్కుతుంది. మూత సరిగ్గా లేకపోతే దోమలు తయారవుతాయి, జాగ్రత్త. వాననీరు అయిపోతే ఏసీ పెట్టుకున్నవాళ్ల ఇంటి వెనక గొట్టం నుంచి కారే నీరు పట్టి తెచ్చుకోవచ్చు. అందులో సున్నం ఉండదు. మా వీధిలో ఒక షాపు వెనక నేను బకెట్టు పెడుతుంటే మొదట్లో నవ్వారు. తరువాత వాళ్లే నింపి ఉంచుతున్నారు.

ఎండ విషయం. ఆఫ్రికాలో ఇది చెట్ల నీడన పెరిగే మొక్క కాబట్టి ఉదయపు ఎండ చాలు. ఏప్రిల్, మే నెలల్లో వడగాలి తగిలితే లేత ఆకు కాలిపోతుంది. మామిడిచెట్టు కింద గానీ, తూర్పు వైపు అరుగు మీద గానీ, లేదంటే సగం నీడనిచ్చే షేడ్‌నెట్ కింద గానీ ఉంచండి. గాలిలో తేమ తక్కువైన రోజుల్లో చుట్టూ నేల తడిపితే కాస్త ఊరట.

ఎరువు ఎక్కువ పెడితే చస్తుంది. రెండు మూడు నెలలకోసారి గుప్పెడు చివికిన పశువుల ఎరువు, ఏడాదికి రెండుసార్లు అరచెంచా అమ్మోనియం సల్ఫేటు చాలు. ఆకు పాలిపోతే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారం తరువాత మరోసారి. పిండినల్లి, పొలుసు పురుగు పడితే లీటరుకు 5 మి.లీ. వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి కొట్టండి. పిండినల్లి కొద్దిగానే ఉంటే దూదితో తుడిస్తే పోతుంది. దీనికోసం పత్తికి కొట్టే మందులు తేవద్దు, పండు నేరుగా నోట్లో పెట్టుకునేది.

గింజతో మొక్క కావాలంటే పండు తిన్నరోజే నాటాలి. గుజ్జు కడిగేసి అర అంగుళం లోతులో పెట్టండి. గింజ ఆరితే మొలక శక్తి పోతుంది. కాబట్టి "ఆఫ్రికా గింజలు, పొట్లం ఇంత" అని కవర్లో పోసి అమ్మే ఎండు గింజలు కొంటే డబ్బు దండగే. మొలకెత్తడానికి మూడు నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదటి ఏడాది బెత్తెడు కూడా ఎదగదు. కాపు రావడానికి మూడు నాలుగేళ్లు. ఓపిక లేనివాళ్లు ఈ మొక్క పెట్టకపోవడమే మంచిది.

ఇక ఎకరం మాట. పదడుగుల ఎడంతో వేస్తే ఎకరాకు 435 మొక్కలు. మొక్క 400 చొప్పున లక్షా 74 వేలు మొదటి రోజే ఆ కాగితం తెచ్చినాయన జేబులోకి పోతుంది. నీడకు షేడ్‌నెట్, నేలను పులుపు చేయడానికి గంధకం, బోరునీటి ఉప్పు తీయడానికి ఫిల్టరు, ఇవన్నీ వేరు. మూడు నాలుగేళ్లు రూపాయి రాదు. అప్పటికి ఆ మనిషి సెల్‌ఫోను నంబరు పనిచేస్తుందా?

పనిచేసిందే అనుకుందాం. పండు కోసిన రెండు మూడు రోజులకే పాడవుతుంది. మిర్చిలాగా కళ్లంలో ఎండబెట్టి అమ్మే సరుకు కాదు. ఉడికిస్తే మహిమ పోతుంది, కాబట్టి జామ్, పచ్చడి కుదరవు. పైన పలచటి గుజ్జు, లోపలంతా గింజ. విదేశాల్లో అమ్మేది గడ్డకట్టించి చల్లదనంలోనే తేమ తీసేసిన పొడి, మాత్రలు. ఆ యంత్రం లక్షల ఖరీదు. రెండెకరాల రైతు కొనేది కాదు.

కొనేవాళ్ల సంగతి కూడా వినండి. అమెరికాలో 1970ల్లో ఒక కంపెనీ దీన్ని చక్కెరకు బదులుగా పెద్ద ఎత్తున అమ్మబోయింది. 1974లో అక్కడి ప్రభుత్వం మరిన్ని పరీక్షలు కావాలంటూ అనుమతి ఇవ్వలేదు, కంపెనీ మూతపడింది. యూరప్ దేశాల కూటమి 2021లో ఎండు పండును అనుమతించింది. అదీ పెద్దవాళ్లకు మాత్రమే, రోజుకు 0.7 గ్రాముకు మించకుండా, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకుండా. మనిషికి రోజుకు గ్రాము కూడా పట్టని సరుకుకు మన మండలంలో వంద ఎకరాలు వేస్తే ఎవరు తింటారు?

ఆఫ్రికా మొక్క అంటే మనకు పడదని నేను అనడం లేదు. ఆయిల్‌పామ్ అదే పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చింది, గోదావరి జిల్లాల్లో వేల కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. కానీ దాని వెనక 1993లో చేసిన చట్టం ఉంది. ఏ మండలం గెలలు ఏ ఫ్యాక్టరీ కొనాలో రాసి ఉంది. ధర మీద గొడవలు ఉన్నాయి, రైతు రోడ్డెక్కిన సందర్భాలూ ఉన్నాయి, అయినా గెల కోస్తే తూకం వేసేవాడు ఉన్నాడు. కాఫీ కూడా ఆఫ్రికా పొదే. మన ఏజెన్సీకి 1898లో పాములేరు లోయలో వచ్చింది. అరకు కాఫీకి భౌగోళిక గుర్తింపు దక్కింది 2019లో. మధ్యలో అటవీశాఖ, కాఫీ బోర్డు, గిరిజన సహకార సంస్థ ఎంత పని చేస్తే అది నిలబడిందో పాడేరు రైతును అడగండి. ఈము పక్షులకు అలాంటి ఏర్పాటేదీ లేదు. 2012లో అవి కూలిపోయినప్పుడు మేత పెట్టలేక వదిలేసినవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్ల దగ్గరా బై బ్యాక్ అగ్రిమెంట్లు ఉండేవి, స్టాంపు కాగితం మీదే.

అందుకని ఎవరైనా కాగితంతో వస్తే మూడు సంగతులు అడగండి. పోయిన ఏడాది ఏ రైతు దగ్గర ఎన్ని కిలోలు కొన్నారు, ఆ బిల్లు చూపండి. ఆ రైతు తోటకు నన్ను తీసుకెళ్లండి. మొక్కల డబ్బు కాపు వచ్చాక పండ్లలో మినహాయించుకుంటారా? మూడోది అడగగానే చాలామంది బండి స్టార్టు చేస్తారు. బ్యాంకు అప్పు ఇప్పిస్తామన్నా పాసుపుస్తకం మాత్రం ఇవ్వకండి. సంతకం పెట్టేముందు ఉద్యానశాఖ అధికారికి ఆ కాగితం ఒకసారి చూపించండి.

మొక్క మీద మోజు ఉంటే ఒకటి పెట్టుకోండి, పిల్లలు సంబరపడతారు. జ్వరం వచ్చి నోరు చేదైన ముసలివాళ్లు కూడా నాలుగు ముద్దలు తింటారేమో చూడొచ్చు. నర్సరీ నడిపేవాళ్లయితే కుండీ మొక్కలుగా పెంచి పట్నంవాళ్లకు అమ్ముకోవచ్చు, అది వేరే వ్యాపారం. కడియం వైపు వాళ్లకు ఆ కిటుకు నేను చెప్పనక్కర్లేదు.

నా రెండో మొక్కకు ఇప్పుడు మూడో ఏడు నడుస్తోంది. మోకాలెత్తు వచ్చింది. పోయిన నెల కొమ్మ మొదళ్లలో తెల్లటి పూత కనిపించింది, బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది. సగం రాలింది. మిగిలిన వాటిలో నాలుగు పిందెలు నిలిచాయి. రోజూ పొద్దున్నే లెక్కపెడుతున్నాను.